ఐదో మెక్సికన్

తల మీద వెడల్పాటి టోపీ, మూతికి అంటించిన మీసం, మెడలో అకార్డియన్. అద్దంలో తనను తానే గుర్తుపట్టలేకపోయాడు దేవేందర్.

మొన్నటిదాకా సజ్జా లేబర్ క్యాంపులో ఉంటూ సిమెంటు ఇటుకలు మోసిన మనిషి. ఊళ్లో భజనల్లో హార్మోనియం వాయించేవాడని ఎవరో చెబితే, దుబాయ్‌లోని ఒక హోటల్ మేనేజర్ ఆశిష్ పిలిపించాడు. మెక్సికోలో పల్లెపల్లెకూ తెలిసిన ఒక బృందం పాటలు పది, మూడు వారాల్లో బట్టీ పట్టమన్నాడు. స్పానిష్ ముక్క రాకపోయినా, తెలుగు అక్షరాల్లో రాసుకుని మింగేశాడు దేవేందర్.

"రిహార్సల్ లేదా సార్?" అని అడిగాడు హిందీలో.

"దేనికి? మిగతా నలుగురూ మెక్సికో వాళ్లే. ఉగ్గుపాలతో వచ్చిన పాటలవి. నువ్వు ఇండియావాడివని వాళ్లకు తెలిసిందో, ఖలాస్! మళ్లీ సజ్జాకే."

దేవేందర్ మీసాన్ని మరోసారి గట్టిగా అదిమి అంటించుకున్నాడు. ఈ కొలువు నిలిస్తే మంజులను ఇక్కడికి తెచ్చుకోవచ్చు. మూడేళ్లుగా పెళ్లాం ముఖం ఫోన్లోనే చూస్తున్నాడు. "ఈసారన్న మాట మీద నిలబడ్తవా?" అని పొద్దున కూడా నిష్ఠూరమాడింది.

వేదిక వెనక ఆ నలుగురూ కనిపించారు. గుబురు మీసాలు, మిలమిలలాడే గుండీలు. దేవేందర్ ధైర్యం చేసి, స్పానిష్‌లో "బుయెనాస్ నోచెస్!" అని పలకరించాడు.

నలుగురూ ఉలిక్కిపడ్డారు. "బుయెనాస్ నోచెస్" అని గబగబా అప్పజెప్పి, తలలు వంచి తీగలు సవరించుకోసాగారు. మళ్లీ పలకరిస్తే ఒట్టు. ఎంత పొగరు అనుకున్నాడు. పోనీలే, మాట్లాడకపోవడమే మేలు.

మూడు పాటలు గట్టెక్కాయి. జనం ఈలలు వేశారు. నాలుగోది దేవేందర్ ఎత్తుకోవాలి. పల్లవి పాడాడు. చరణం దగ్గరికి వచ్చేసరికి బుర్ర ఖాళీ!

ముందు వరుసలోంచి ఆశిష్ కళ్లురిమాడు. వేళ్లు వాయిస్తూనే ఉన్నాయి, నోరే పెగలడం లేదు. మంజుల కళ్ల ముందు మెదిలింది. ఏడుపొచ్చింది. ఇక లాభం లేక, అదే బాణీలో నోటికొచ్చింది పాడేశాడు.

"పాట మరిచిపోతినే అవ్వా, పట్టుబడిపోతినే!"

వెనక గిటార్లు ఒక్క క్షణం తడబడ్డాయి. అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాడు.

అందరికన్నా పెద్ద మీసాలాయన తాళం తప్పకుండా అందుకుంటే, మిగతా ముగ్గురూ వంత పాడారు: "మాది జగిత్యాలే తమ్మీ, మట్టసంగ పాడరా!"