చేదుపుచ్చ పుప్పొడి

ఏటిగడ్డ మీద పుచ్చతీగలన్నీ వేరుకుళ్లుతో వాడిపోతుంటే జుంటమ్మ అనే తేనెటీగ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇక ఒక్క తీగే మిగిలింది. దాని చివరి పువ్వు ఎండెక్కితే ముడుచుకుపోతుంది. గట్టు మీది చేదుపుచ్చకు మాత్రం తెగులు సోకలేదు. జుంటమ్మ దాని పుప్పొడి ఒళ్లంతా పూసుకుని ఎగిరొచ్చింది.

“పో అవతలికి! నా పిల్లలు చేదెక్కిపోతారు,” అంది పుచ్చతీగ.

“చేదైనా బతుకుతారు తల్లీ. బతికితే వాళ్ల కడుపున తియ్యనివాళ్లు పుట్టకపోరు.”

ఎండ ముదురుతోంది. జుంటమ్మ పువ్వు చుట్టూ తిరుగుతూనే ఉంది. చివరికి తీగ, “రా,” అంది.

మరుసటేడు ఆ పువ్వు కాసిన కాయ గింజలు మొలిచి తీగలు పచ్చగా అల్లుకున్నాయి గానీ కాయలన్నీ చేదే. నక్క కొరికి ఉమ్మేసింది. ఉమ్మిన గింజలు పై ఏడు మొలిచి కాశాయి. అప్పటికి జుంటమ్మ లేదు. నక్క మళ్లీ ఒక్కొక్కటే కొరుకుతూ వచ్చి, ఒక కాయ దగ్గర ఆగి, తొక్కదాకా తిని, పిల్లల్ని కేకేసింది.