చాయ్ తాగమనని ఊరు

"జర మెల్లగ నడువే. ఆస్ట్రేలియా ఏడికీ పోదు" అన్నాడు వెంకట్రాజం రొప్పుతూ.

"ఆస్ట్రేలియా పోదు. పోవాల్సింది మీ షుగరు. ఆగకుండ నడుర్రి" అంది భాగ్యలక్ష్మి.

ఎదురుగా పసుపురంగు రైల్వే స్టేషన్ భవనం. గుమ్మం పైన వరసగా గడియారాలు. మెట్ల మీద జనం కూర్చుని ఏవేవో తింటున్నారు. ఆకుపచ్చ ట్రాము ఒకటి గంట కొట్టుకుంటూ మలుపు తిరిగింది.

"అండ్ల ఎక్కి కూసుంటే మెల్‌బోర్నంత సూడొచ్చు గదనే?"

"ఎక్కితే నడక ఎట్లయితది?"

ఆడా మగా అందరూ ఉన్ని కోట్లు వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని పోతున్నారు. వెంకట్రాజం చొక్కా మాత్రం చెమటకు తడిసి వీపుకు అతుక్కుంది.

"వాళ్లకు చలి, నాకు ఉడుకపోత. లుంగీ మీద మెల్‌బోర్న్ సూసిన సేటు నేనొక్కన్నే కావచ్చు."

"మిమ్మల్ని ఎవలు సూస్తున్నరని? ఆ లుంగీ జర పైకి కట్టుర్రి, అడుగు పడుతలేదు."

నిజానికి భాగ్యలక్ష్మి ఈ ఊరిని ఎంచుకుందే అందుకు. వెంకట్రాజానికి మరిపెడ మెయిన్ రోడ్డు మీద పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. రోజూ గంటసేపు నడవాలని, లేకపోతే సూది మందు తప్పదని మహబూబాబాద్ డాక్టరు చెప్పి పంపించాడు. సూది పేరెత్తితేనే వెంకట్రాజానికి చెమటలు పడతాయి. మర్నాడే బూట్లు కొని నడకకు బయలుదేరాడు. బస్టాండు దగ్గర ఒకరు, బ్యాంకు ముందు ఒకరు, మార్కెట్ గేటు దగ్గర ముగ్గురు "రా సేటూ" అన్నారు. వద్దంటే చుట్టాన్ని గుమ్మంలోంచి తిప్పి పంపినట్టు బాధపడతారు. అన్నిచోట్లా చక్కెర దండిగా వేసిన చాయ్. నడకకు పోయిన రోజుల్లోనే షుగరు ఎక్కువ వచ్చేది. మళ్లీ పరీక్ష వచ్చే సోమవారం.

"గీ మెల్‌బోర్న్ కంటే మొన్నటి హైదరాబాదే మంచిగుండె" అన్నాడు.

"ఎందుకుండది? బేగంబజార్ల జీలకర్ర బస్తాలు కనవడంగనే నిలవడ్డరు. ఇగ కాలు కదిపితే ఒట్టు."

"ధర రాసి పెట్టిండ్రు. సూడొద్దా?"

"అందుకే ఈడికి తెచ్చిన. ఈడ మీకు తెలిసినోళ్లూ లేరు, కందిపప్పూ లేదు."

వెంకట్రాజం ముక్కు ఎగబీల్చాడు. "లేదంటవ్? పప్పు ఉడికిన వాసన వస్తుంది మరి?"

"మీ ముక్కు దుకాణం నుంచి రాలే ఇంకా. నడుర్రి."

ఒక సందు వచ్చింది. గోడల నిండా రంగురంగుల బొమ్మలు. ఒక గోడ మీద పెద్ద చిలుక.

"ఆ పక్క సందుల ఏమున్నదో పోయి సూద్దామా?"

"మన ఇష్టమా? ముందటాయన ఎటు పోతే అటే."

"గీయన గూడ వింతోడే. గింత దూరం తీస్కవచ్చిండు, ఒక్క ముచ్చట చెప్పడు, మొకం సూపియ్యడు."

"ముచ్చట పెడితే మీరు నిలవడ్తరని తెల్సిందేమో" అని నవ్వింది భాగ్యలక్ష్మి.

సందు మలుపులో వీధిలోకే వేసిన చిన్న చిన్న బల్లలు. కప్పుల మీంచి పొగలు. వెంకట్రాజం నడక దానంతట అదే నెమ్మదించింది. చివరి బల్ల దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు తలెత్తి, సూటిగా ఇటే చూసి, నవ్వుతూ కప్పు పైకెత్తాడు.

వెంకట్రాజం చెయ్యి గుండె మీదికి పోయింది.

"వద్దు పెద్దమనిషీ. షుగరుంది" అన్నాడు.

భాగ్యలక్ష్మి భర్త ముఖంలోకి చూసింది.

"ఏమన్నరు?"

"ఏమంట? వద్దన్న."

"పెండ్లయినప్పటి సంది మీ నోట్ల ఆ మాట ఇన్లేదు. గదే ముచ్చట రేపు మార్కెట్ల మిర్చి రైతు అమర్‌సింగుకు చెప్పుర్రి."

"గాయన ముచ్చట వేరేనే. మిర్చి అమ్మిన సంబురంల కప్పు తెచ్చి చేతుల పెడ్తడు. వద్దంటే మొకం చిన్నగ చేస్కుంటడు."

"ఈ ముసలాయన చేస్కున్నడా?"

 ముసలాయన తన కప్పు తాను తాగుతూ హాయిగా వెనకబడిపోయాడు.

సందు దాటేసరికి నది. ఒడ్డున చెట్లు, నీళ్ల మీద సన్నని పడవలు, అవతలికి ఒక వంతెన.

"గా వంతెన దాటితే ఇయ్యాల్టికి అయిపోయినట్టే" అంది భాగ్యలక్ష్మి. "మోకాళ్లు నొస్తున్నయా?"

"నొస్తలేవు." నాలుగడుగులు వేసి, "అమర్‌సింగుకు గూడ గిట్లనే చెయ్యి గుండెమీద పెట్టి చెప్పాలె. అప్పుడు ఏమనుకోడు" అన్నాడు.

"అనుకోడు. తర్వాత మీరే ఆయనకు ఒక చాయ్ చెప్పుర్రి, ఇంక ఖుషీ అయితడు."

"నువ్వు దుకాణంల కూసుంటే నాకంటె ఎక్కువ అమ్ముదువే."

"ముందుగాల వంతెన దాటుర్రి."

వంతెన మొదలయింది. సైకిలు మీద ఒకమ్మాయి పక్కనుంచి దూసుకుపోయింది. సగం దూరం కూడా రాలేదు. నది, పడవలు, చెట్లు, మనుషులు, అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"ఆగకుర్రి!" అంది భాగ్యలక్ష్మి.

"ఎవలు ఆగిండ్రే?" అన్నాడు వెంకట్రాజం, ఉన్నచోటే అడుగులు వేస్తూ.

మరిపెడలో కరెంటు పోయి, వాళ్ల ముందున్న టీవీ ఆరిపోయింది.