గడప దగ్గర ఆగిన కాళ్లు

కళ్లారా చూసి, దేవుడి ముందు చెప్పిన మాట తప్పవుతుందా?

ఈ సందేహం కనకయ్యను కొన్నేళ్లుగా వదల్లేదు. మనుషులను అడగలేదు. దేవుణ్ని మాత్రం అడుగుతూ ఉండేవాడు.

నర్మెట్ట దగ్గర వాళ్ల ఊళ్లో, ఆంజనేయస్వామి గుడిలో శనివారం భజన కనకయ్యే నడిపేవాడు. పక్కనున్న లంబాడీ తండా నుంచి దేవ్యా అనే ముసలాయన ఆ భజనకు వచ్చేవాడు. తిన్నని దారిలో చిన్న చిన్న అడుగులతో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. చేతులు వణికేవి. మండపం గడప దగ్గరికి రాగానే కాళ్లు ఆగిపోయేవి.

"ఏం తాతా, గడపకు జిగురు పూసిండ్రా?" అనేవాడు డోలక్ వాయించే వేణు.

"కాళ్లు ఇంటలేవు బిడ్డా," అనేవాడు దేవ్యా, వినీ వినపడని గొంతుతో.

కనకయ్య తాళాలు మొదలుపెట్టేవాడు. అంతే. దేవ్యా గడప దాటేవాడు. తాళానికి సరిగ్గా అడుగు వేస్తూ మండపమంతా తిరిగేవాడు. భజన ఆగితే మళ్లీ కొయ్యబొమ్మలా నిలబడేవాడు.

"గిదేం రోగమే! పిలిస్తె వస్తది, పొమ్మంటె పోతది," అనేవాడు వేణు. అందరూ నవ్వేవారు.

ఒకనాడు దేవ్యా కొడుకు ఉపేందర్ కనకయ్యను వెతుక్కుంటూ గుడికి వచ్చాడు. అతను చెల్పూర్ కరెంటు ప్లాంటులో కూలి పని చేస్తాడు. ఎప్పుడో ఒకసారి తండాకు వస్తాడు.

"కాకా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పాలె."

"నేను అబద్ధమాడంగ ఎన్నడన్న ఇన్నవా?"

"ఇనలే గనుకనే నీకాడికొచ్చిన. బాపును పెద్ద డాక్టరుకు చూపియ్యమని అమ్మ పోరు పెడ్తాంది. దవాఖానల సుట్టు తిరుగుడు పెట్టుకుంటె నా పని పోతది. చూస్తేనేమో ఒకపూట తిరుగుతడు, ఒకపూట కట్టె లెక్క నిలవడ్తడు. మీ గుడిల ఆడుతుండని తండల నవ్వుతుండ్రు. నిజమేనా?"

కనకయ్య స్వామి వైపు చూశాడు.

"నా కండ్లతోని చూసిన బిడ్డా. మంచిగనే ఆడుతడు."

"అంటే నటిస్తుండు?"

"నాకైతే గట్లనే అనిపిస్తది."

ఉపేందర్ సాయంత్రం బస్సుకే చెల్పూర్ వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం కనకయ్య దేవ్యాను గడప దగ్గరే ఆపాడు.

"దేవుని ముంగట నాటకాలొద్దు దేవ్యా. ఇగ రాకు."

దేవ్యా మొహంలో ఏమీ కదల్లేదు.

"బయటనే కూసుంట అన్నా. తాళం ఇంటె సాలు."

"ఒద్దంటున్న గద."

"మొఖంల జర సిగ్గన్న ఉందా సూడు," అన్నాడు వేణు.

ఆ వానాకాలంలోనే దేవ్యా తారు రోడ్డు దాటుతూ నడిమధ్యన ఆగిపోయాడు. ఇసుక లారీ దూరం నుంచే హారన్ కొట్టిందట. దేవ్యా అక్కడికక్కడే పోయాడు.

"తాగి నిలవడ్డడు," అన్నారు జనం.

నటించేవాడు లారీ ముందు కూడా నటిస్తాడా? కనకయ్యకు సందేహం మొదలైంది అక్కడే.

ఏళ్లు గడిచాయి. కనకయ్య భార్య బుచ్చమ్మకు చెయ్యి వణకసాగింది. ఈ ఏడు వంటింటి గడప దగ్గర కాళ్లు కూడా ఆగిపోతున్నాయి. హనుమకొండలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

గది గుమ్మంలోనే బుచ్చమ్మ నిలిచిపోయింది. డాక్టరమ్మ లేచి, ఒకే లయలో చప్పట్లు కొట్టింది. బుచ్చమ్మ నడుచుకుంటూ లోపలికి వచ్చింది.

కనకయ్యకు గుడి గడప దగ్గర దేవ్యా గుర్తొచ్చాడు.

"నటిస్తాందా అమ్మా?"

"ఏందయ్యా? ఇన్నేండ్లు నీకు బువ్వ పెట్టిన దాన్ని, నీకాడ నటిస్తనా?" అంటూ బుచ్చమ్మ మొగుడి వైపు తిరిగింది. మొహం మాత్రం కదల్లేదు.

"నటన కాదు నాయినా," అంది డాక్టరమ్మ. "మనం అడుగడుక్కూ ఆలోచించి నడవం. ఆ అలవాటు నడకను మెదడులో లోపలి భాగాలు చూసుకుంటయి. వాటికి కావలసిన ఒక పదార్థం తగ్గిపోతే కాళ్లు నేలకు అతుక్కుపోతయి. బయటి నుంచి ఒక తాళమో, నేల మీద గీతలో దొరికితే మెదడు ఇంకో దారిన కాళ్లను కదిలిస్తది. ఆ దారుల సంగతి ఇప్పుడిప్పుడే తెలుస్తాంది. మొహం కూడా బిగుసుకపోతది. లోపల ఏడుస్తున్నా బయటికి కనపడదు."

"మందులున్నయా?"

"మొత్తం తగ్గదు. మందులు వాడుకుంటె చానా ఏండ్లు తిరుగుతరు."

మర్నాడు పొద్దున్నే కనకయ్య తండాకు వెళ్లాడు.

దేవ్యా భార్య చాందీ మంచంలో ఉంది. దేవ్యా ఉన్నప్పుడే ఆమె నడుము పడిపోయిందని, నీళ్లు తెచ్చిచ్చిన పక్కింటి సుమన చెప్పింది.

"చెల్లే, నీ పెనిమిటి నటించలే. నేను చూసింది నిజమే. అనుకున్నది తప్పు. గది చెప్పిపోదామని వచ్చిన."

"నాకెందుకన్నా చెప్పుడు? నాకు అప్పుడే ఎరుక." దిండు కింది నుంచి ఫోన్ తీసి, కొడుక్కి కలిపి స్పీకర్ పెట్టింది. "నా మాట ఇనలే, నీ మాట నమ్మిండు నా కొడుకు. నువ్వే చెప్పు."

కనకయ్య చెప్పాడు. డాక్టరమ్మ అన్నదంతా ఉపేందర్‌కు చెప్పాడు. ఆ ఇంటికి ఇన్నేళ్లుగా బాకీ పడ్డ మాట అది.

అంతా విని ఉపేందర్ అడిగాడు.

"మరి కాకా... నడవరాని మనిషి, గంత దూరం పడుకుంట లేచుకుంట మీ గుడికొచ్చి ఎందుకు ఆడిండు?"

కనకయ్య ఫోన్‌ను చాందీ వైపు చాపాడు.

చాందీ ఫోన్ అందుకుంది. కొడుకుతో మాట్లాడే తమ భాషలో కాదు, కనకయ్యకు కూడా అర్థమయ్యేలా తెలుగులోనే అంది.

"ఆడనీకి పోలే బిడ్డా... మంచంల వడ్డ నాకు నీళ్లు పోయాలె, రొట్టె చెయ్యాలె అంటె కాళ్లు కదలాలె గద, గందుకే ఇంట్ల గొణుక్కుంట అడుగెయ్యనీకి మీ బాపు వారానికి సరిపోయే తాళం నోట్లె నింపుకోని వచ్చెటోడు."