చుక్క కారకుండా

నాలుగింటికల్లా బండి మోగకపోతే, ఐదింటికి బర్రె ట్రాలీ ఎక్కుతుంది.

అందుకే లస్మయ్య ఆ ముసలి మోటార్‌సైకిల్‌ను జఫర్‌గఢ్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా తెచ్చాడు. దారిలో దాన్ని ఎక్కింది తక్కువ, నెట్టింది ఎక్కువ. మెకానిక్ యాకయ్య షెడ్డు ముందు స్టాండు వేసి, పక్కనే తనూ కూలబడ్డాడు.

“యాకన్నా, నీ కాళ్లు మొక్కుత. దీని గొంతు దీనికి తెచ్చియ్యి. ఎప్పటిలెక్క డుగుడుగుమనాలె.”

“గొంతేంది లస్మన్నా? ఇది బండా, ఒగ్గుకథ చెప్పెటోడా?”

లస్మయ్య నవ్వలేదు. అప్పుడు యాకయ్యకు సంగతి మామూలుది కాదని అర్థమైంది.

మొన్న వానాకాలంలో బర్రెకు పుట్టిన దుడ్డె చచ్చిపోయింది. అప్పట్నుంచి లస్మయ్య బర్రె మనుషులకు చేపి పాలు వదలడం మానేసింది. తవుడు పెట్టినా, గంగడోలు గోకినా, గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగినా చుక్క దిగదు. లస్మయ్య బండి కొట్టంలోకి వచ్చి దాని మూతి ముందు ఆగితేనే పాలు. బండి డుగుడుగుకు బర్రె చేపుతుందని ఊరంతా వింతగా చెప్పుకున్నారు. అదే చప్పుడుకు పక్క వాడలో కోళ్లు రెండేసి గుడ్లు పెడుతున్నాయని కూడా అన్నారు. ఆ కోళ్ల ముచ్చట మాత్రం లస్మయ్య పుట్టించిందే.

బండికి ఉన్నది ఒకటే రోగం. కార్బరేటర్ కారుతుంది. పదకొండేళ్లుగా కారుతూనే ఉంది. కొట్టంలో దాని కింద నేల నల్లబడింది. లస్మయ్య చేతులూ, తువ్వాలా, అంగీ, అన్నీ పెట్రోలు కంపే.

“నేను లగ్గం చేసుకున్నది మనిషినా, పెట్రోలు బంకునా?” అనేది అతని భార్య అండాలు. మూడు రోజుల కింద ఇక ఓపిక పట్టలేక, సబ్బు తడిపి ముద్ద చేసి కారే సందులో కుక్కింది. కారడం ఆగింది. కంపు పోవాలని కొట్టం నేలను పేడతో అలికి, అతని బట్టలూ ఉతికేసింది. కానీ సబ్బు లోపలికి దిగి బండి దగ్గడం మొదలుపెట్టింది. ఆ పూట నుంచే బర్రె పాలు ఆపేసింది.

“పొదుగు రాయోలె అయింది, యాకన్నా. పశువుల డాక్టరు సూది గూడ ఏసిండు, అయినా దిగలే. ఇయ్యాల దిగకుంటే పొదుగే చెడుతదన్నడు. అండాలు అంగడి బేరగాన్ని పిలిచింది. వాడు మేపనీకి కొంటడా? కోతకే.”

“గంత పరేషాన్ ఎందుకే? నా కొత్త బండి తీస్కపో.”

“పరాయి బండి సప్పుడుకు చేపుతదా?”

“పోనీ కొత్త కార్బరేటర్ ఏస్త.”

“గొంతు మారుతది!” లస్మయ్య గొంతు మాత్రం అప్పటికే మారిపోయింది.

యాకయ్య కార్బరేటర్ ఊడదీశాడు. లోపల నురగ. “ఏందన్నా, అక్క దీనికి స్నానం పోసిందా?” పెట్రోలు దిగే సన్న బెజ్జం జెట్టును నోటితో ఊది, ఎండకు పెట్టి చూశాడు. అరిగిన నీడిల్ మార్చాడు. కొత్త వాషర్ వేసి బిగించాడు. పెట్రోలు ట్యాప్ తిప్పగానే మళ్లీ టప్ టప్.

లస్మయ్య తల పట్టుకున్నాడు. గోడ గడియారం మూడు దాటింది.

యాకయ్య మళ్లీ ఊడదీశాడు. లోపలి ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. గలగలమంది. “దొరికిండు దొంగ! దీని కడుపులకు పెట్రోలు పోయి మునుగుతది. తేలేటిది మునిగితే కారక ఏంజేస్తది?” దాన్ని తీసేసి, పాత సామాన్ల డబ్బాలో వెతికి అలాంటిదే ఇంకొకటి వేశాడు.

ఒక్క కిక్కు. డుగుడుగుడుగు!

యాకయ్య బండి కింద పేపర్ పరిచాడు. ఎంతసేపు చూసినా పేపర్ పొడిగానే ఉంది. “చుక్క కారితే మీసం తీసేస్త!”

తీసేసిన నీడిల్, వాషర్, ఫ్లోట్‌ను కార్బరేటర్ తుడిచిన గుడ్డలోనే మూటగట్టాడు. ఆ మూటను కవర్లో పెట్టి ముడేశాడు. “పాత సామాను చేతిల పెట్టకుంటే మార్చనే లేదంటరు మీరు. పట్టు. ముందు ఆ చేతులు కడుక్కో, పాలు పిండె చేతులు.”

లస్మయ్య మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాడు. కారిన పెట్రోలు తుడిచి మళ్లీ కంపెక్కిన తువ్వాలను అక్కడే పారేసి, అంగీని కూడా సబ్బునీళ్లతో పిండి తొడుక్కున్నాడు. బండెక్కాడు.

ఇంటికి చేరేసరికి వాకిట్లో ట్రాలీ నిలబడి ఉంది. వెనక తలుపు దించే ఉంది. అండాలు పలుపుతాడు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

బండి కొట్టంలోకి వచ్చి బర్రె మూతి ముందు ఆగింది. డుగుడుగుడుగు. బర్రె చెవులు ఎత్తింది. లస్మయ్య గుండె కూడా లేచింది. చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

చుక్క లేదు.

లేచి మళ్లీ కిక్కు కొట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. బర్రె తల పక్కకు తిప్పుకుంది.

“చెవుడచ్చిందానె నీకు? గదే బండే! గదే సప్పుడే!” లస్మయ్య దాని మెడ పట్టుకుని ఏడ్చాడు.

“ఐపాయె పెద్దాయినా. ఇగ దాన్నిడువు,” అన్నాడు బేరగాడు.

“పాపం నాదే,” అంది అండాలు. “సబ్బు పెట్టింది నేనే గదా.” తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

లస్మయ్యకు దుఃఖం కోపమైంది. “గిందుకేనా నేను బాగుచేయించింది!” అంటూ జేబులోని కవర్ చింపి, మూటను విసిరికొట్టాడు. నీడిల్ ఒకవైపు, ఫ్లోట్ ఒకవైపు దొర్లాయి. గుడ్డ బర్రె ముందున్న కుడితి గోలెం అంచు మీద పడింది.

బర్రె ఆ పెట్రోలు గుడ్డలో మూతి పెట్టి, గుండె నిండా ఒక్కసారి వాసన పీల్చి కళ్లు మూసుకుంది. ఎవరి చెయ్యీ తగలకముందే నాలుగు చన్లూ కారడం మొదలుపెట్టాయి.