శనివారం వచ్చే అక్క

కుర్చీలో కూర్చున్న సరితను రేచల్ లేపింది.

"కూసోమన్ననా నేను?"

"లేదక్కా."

"బయటికి పో. తలుపు కొట్టి మళ్ల రా."

క్లాసంతా నవ్వింది. సరిత చెవులు వేడెక్కాయి. బయటికి పోయి మళ్లీ వచ్చింది. ఈసారి చెప్పేదాకా నిలబడే ఉంది.

"మీ నాయన ఏం చేస్తడు?"

సరిత గతుక్కుమంది. తండ్రి ఐలయ్య భూమి ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఇప్పుడాయన పహాడీ షరీఫ్ దారిలో ఓ ఇళ్ల ప్లాట్ల వెంచర్‌కు వాచ్‌మన్.

"వ్యవసాయం," అంది తల దించుకుని.

"అబద్ధమని నీ మొకమే చెప్తున్నది. ఇగ చాలు. తర్వాత ఎవరు?"

సరితకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

శంషాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో పాత విద్యార్థుల సంఘం పెట్టింది కామర్స్ లెక్చరర్ శంకరయ్య. చదువుకుని వెళ్లినవాళ్లు శనివారాలు వచ్చి ఇప్పటి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్తారని ఆయన ఆశ. మొదటి శనివారం చాలామందే వచ్చారు. ఫొటోలు దిగారు, సమోసాలు తిన్నారు, వెళ్లిపోయారు.

ఆ తర్వాత కూడా విడవకుండా వచ్చింది రేచల్ ఒక్కతే. కొత్తూరు నుంచి బస్సులో వచ్చేది. ఎయిర్‌పోర్టు ఉద్యోగాల ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చేయించేది. అక్కడ పెద్ద ఆఫీసరై ఉంటుందని పిల్లలు తమలో తాము అనుకున్నారు. ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ సాయంత్రం సరిత తిన్నగా శంకరయ్య దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆ అక్క అందరి ముందట నా ఇజ్జత్ తీసింది. ఆమె వస్తే నేను రాను."

ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా అదే మాటన్నారు. శంకరయ్య మెత్తని మనిషి, ఎవరినీ కాదనలేడు. రేచల్‌ను వరండాలోకి పిలిచాడు.

"పిల్లలు జర పరేషాన్ అయితున్నరమ్మా. కొన్ని రోజులు ఆపుదాం."

కిటికీ పక్కన నిలబడి సరిత వింటూనే ఉంది.

"ఇక్కడ బయటికి పంపినా మళ్ల రమ్మంటున్న సార్," అంది రేచల్. "అక్కడ రమ్మనరు."

ఆయన నేల చూపులు చూశాడు.

రేచల్ చున్నీ సర్దుకుని మెట్లు దిగింది. సరితను దాటిపోతూ ఒక్క క్షణం ఆగింది.

"నాయన చేసే పని చెప్పనీకి సిగ్గుపడకు చెల్లె."

సరిత మొహం పక్కకు తిప్పుకుంది.

నెల తిరక్కముందే ఎయిర్‌పోర్టులోని ఒక కంపెనీ నుంచి కాలేజీకి ఫోన్ వచ్చింది. ప్రయాణికుల కౌంటర్లలో పని చేయడానికి అమ్మాయిలు కావాలట, ఇంటర్వ్యూకు పంపమన్నారు. విమానాలు దిగడం మొదలై నాలుగేళ్లయినా ఆ కాలేజీని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. శంకరయ్యకే నమ్మబుద్ధి కాలేదు.

ఇంటర్వ్యూ రోజు సరిత తలుపు కొట్టి లోపలికి వెళ్లింది. కూర్చోమనేదాకా నిలబడింది.

ఎదురుగా ఉన్న మేడమ్ అడిగింది.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"



"వాచ్‌మన్, మేడమ్. మాకు భూమి ఉండె. ఇప్పుడు మీ రన్‌వే ఉన్న దిక్కున."

మేడమ్ తలెత్తి చూసింది.

సామాను రాలేదని ప్రయాణికుడు కేకలేస్తే ఏం చేస్తారు? అదీ రేచల్ అడిగిందే. తెలియని సంగతి అడిగితే ఏం చెప్తారు? అదీ అంతే. ఎన్నో శనివారాలు విసుక్కుంటూ విన్న మాటలు ఒక్కొక్కటే నోట్లోకి వచ్చాయి. ఎక్కడా తడబడలేదు.

ఉద్యోగం వచ్చింది.

సంగతి విని ఐలయ్య గేటు దగ్గరి స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?"



మర్నాడే రేచల్‌కు ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదు. కొత్తూరు వెళ్లి ఇల్లు వెతికి పట్టుకుంది. తలుపుకు తాళం ఉంది. ఇంటి యజమానురాలు రేణుకమ్మ బయటికి వచ్చింది.

"కిరాయికి ఉన్నోళ్లు, ఖాళీ చేసి పోయిన్రు. ఏ ఊరు పోయిన్రో చెప్పలే."

సరిత నిరాశపడలేదు. ఎక్కడికి పోతుంది, ఎయిర్‌పోర్టులోనే కనబడుతుంది కదా అనుకుంది.

పనిలో చేరిన మొదటిరోజే మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, రేచల్ అక్క ఇక్కడ ఏ సెక్షన్ల ఉంటది? ఒక్కసారి కలవాలె. తప్పైందని చెప్పుకోవాలె."

"ఏ రేచల్?"

"మా కాలేజీలనే చదివింది. కొత్తూరు నుంచి వస్తది. ఇంటర్వ్యూల మీరేం అడుగుతరో అన్నీ ముందే నేర్పింది. ఇక్కడ ఆఫీసర్ గద?"

మేడమ్ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది.

"ఆ అమ్మాయి ఇక్కడ ఎప్పుడూ పనిచేయలేదమ్మా."

సరిత బిత్తరపోయింది.

"ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచీ ఇంటర్వ్యూలకు వచ్చేది. ప్రతిసారీ ఏదో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయేది, మేం పంపేసేవాళ్లం. అది నేర్చుకుని మళ్లీ వచ్చేది."

"మరి ఇప్పుడు?" అడిగింది సరిత.

"మీ కాలేజీకి మేం ఫోన్ చేసే ముందు రోజు కూడా వచ్చింది, అన్నిటికీ చక్కగా జవాబులు చెప్పింది, అయితే అప్పటికే వయసు దాటిపోయిందని చెప్తే లేచి నిలబడి, 'మా కాలేజీల చెల్లెండ్లున్నరు మేడమ్, వాళ్లనన్న పిలువున్రి' అని మీ సార్ నంబరు చెప్పి వెళ్లిపోయింది."