మైలపడ్డ గొంతు

పదకొండేళ్లుగా ఇందుమతి ఉద్యోగం అబద్ధాలు చెప్పడమే. అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు ఎత్తే యంత్రం నమ్మరాని మాటను పసిగడుతుందో లేదో చూడటానికి రోజూ ఫోన్లో తన గొంతుతోనే ఉత్తుత్తి ఆపదల దొంగకేకలు వేసేది. యంత్రం ఆ మాటకూ, ఆ గొంతుకూ నమ్మరాదని మైల ముద్ర వేసేది. అది విని ఇంకొకరు చెప్పినా ముద్ర వదలకూడదు.

ఇవాళ మధ్యాహ్నం భర్త రంగనాయకులు కంచం ముందే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

"బండి పంపండి! మా ఆయన పడిపోయాడు!" అంది ఫోన్లో.

"ఇది దొంగకేకల గొంతు. మైల," అంది యంత్రం. ఆ ముద్రలు కడగాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఎవరికీ రాలేదు.

"మస్తానమ్మొదినా, తొందరగా రా!" అని పక్కింటావిణ్ణి కేకేసింది. ఆమె వచ్చి ఫోను లాక్కుంది.

"నా కళ్లారా చూత్తన్నాను, మనిషి చల్లబడిపోతన్నాడు!"

"ఆమె పిలిస్తే వచ్చి చూశారు. అదీ మైలే. పిలవకుండా వచ్చినవాళ్లు చెప్పాలి."

ఆ మెలిక కనిపెట్టి ఆఫీసులో శాలువా కప్పించుకున్నది ఇందుమతే.

వీధి తలుపు బార్లా తెరిచింది. ఎవరో నడిచిపోతున్నారు. పిలవబోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది.