ఎర్ర రిబ్బను

గూడుపెట్టెలోని తల్లిపిట్టను తూచి మా పెద్దసారు కళ్లు తుడుచుకున్నారు.

"పిడికెడు ప్రాణం! తన బరువంత గుడ్లు పెట్టింది. ఇప్పుడు పిల్లల నోళ్లు నింపలేక ఎలా చిక్కి సగమైందో చూడమ్మా. దీని జోలికి ఎవరైనా వెళ్తే ఊరుకోను."

పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టారు. మా పరిశోధన కేంద్రంలో అదే శాసనం. రిబ్బను కనిపిస్తే ఆయనైనా సరే, గప్‌చుప్‌గా వెనక్కి తిరగాల్సిందే.

ఇదే అదను అనుకున్నాను. "సార్, మా పాపకి పాలివ్వాలి. మధ్యాహ్నం ఓ గంట ఇంటికి వెళ్లొస్తాను."

ఆయన కన్నీళ్లు టక్కున ఆరిపోయాయి. "మొన్నేగా నీ ప్రసవం సెలవు అయిపోయింది! ఇంకా ఏంటమ్మా ఈ గొడవ? వెళ్లి పని చూసుకో."

మర్నాడు పాపను చంకనేసుకుని ఆఫీసుకే వచ్చాను. నా గది గొళ్లేనికి బయటివైపు జానెడు ఎర్ర రిబ్బను కట్టి, తలుపేసుకుని పాలిస్తూ కూర్చున్నాను.

వరండాలో సారు చెప్పులు టపటపలాడుతూ వచ్చాయి. నా తలుపు ముందు టక్కున ఆగాయి. లోపల పాప కుయ్‌మంది.

చెప్పులు పిల్లిలా వెనక్కి జరిగాయి. ఆ వెనకే ఎవరినో అదిలిస్తూ సారు గుసగుస వినిపించింది:

"ష్! అటు వెళ్లకయ్యా. గూట్లో పిల్లలున్నాయి."